నీతిని అచ్చు వేయించుకునే ముందు: విశాఖ వర్తక, పరిశ్రమల సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

విశాఖపట్నం వర్తక సంఘాల, పరిశ్రమల సంఘాల పెద్దలకు,

నమస్కారం.

అల్లిపురంలో మాకొక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. మా మామగారు పెట్టింది. ఆయన తర్వాత నేనే చూసుకుంటున్నాను. మీలో చాలామంది బిల్లు బుక్కులు, లెటర్‌హెడ్లు, ఇంట్లో పెళ్లిళ్ల శుభలేఖలు మా దగ్గర అచ్చయినవే. మీ సంఘాల వార్షికోత్సవాలకు సావనీర్లు, ఆహ్వానపత్రాలు కూడా అడపాదడపా మాకే వస్తాయి. అందుకే మీరు ఊరికి ఏం చెప్పుకోబోతున్నారో ఊరికంటే ముందు నా టేబుల్ మీదికి ప్రూఫుగా, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే కాపీగా, వస్తుంది. ఈ లేఖ రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే.

ఆ ప్రూఫుల్లో మాట మారింది. ఇదివరకు దుకాణాలవాళ్లు 'సరసమైన ధరలు', 'నాణ్యతకు మారుపేరు' అని వేయించుకునేవారు. ఇప్పుడు 'విలువలే మా పెట్టుబడి', 'ప్రకృతి హితమే మా మతం', 'లాభం కాదు, సేవే లక్ష్యం' అని వేయించుకుంటున్నారు. దానికి తోడు ఒక ఆకుపచ్చ ఆకు, లేకపోతే రెండు అరచేతుల మధ్య మొక్క. ధర సరసమో కాదో కొనేవాళ్లు పక్క దుకాణంలో అడిగి తెలుసుకుంటారు. చీర నాణ్యత రెండు ఉతుకులకు తేలిపోతుంది. మీ విలువలు ఎలాంటివో, మీ సంచి భూమికి మేలు చేస్తుందో కీడు చేస్తుందో కొనేవాళ్లు ఎలా తేల్చుకోవాలి? వాళ్లకు ఆ దారి లేదు. తేల్చుకోలేని మాటను చూపించి డబ్బు తీసుకునేటప్పుడు, చెప్పేవాడి మీద బాధ్యత రెట్టింపు ఉండాలి. నాకు కనిపిస్తున్నది దీనికి తలకిందులుగా ఉంది. ఎవరూ అడగరన్న ధీమా ఉన్నచోటే మాటలు పెద్దవవుతున్నాయి.

ఒక్క సంచి సంగతి చెబుతాను. సంచుల పని మేం బయట స్క్రీన్ ప్రింటింగువాళ్లచేత చేయించి ఇస్తాం. పండగ ముందు ఒక బట్టల దుకాణం నుంచి నాన్ వోవెన్ సంచుల ఆర్డరు వచ్చింది. దాని మీద 'ఇది ప్లాస్టిక్ కాదు, భూమాతను కాపాడదాం' అని ఆకుపచ్చ రంగులో వేయాలన్నారు. నాన్ వోవెన్ సంచి చూపుకి గుడ్డలాగే ఉంటుంది, తడిమినా గుడ్డే అనిపిస్తుంది. అది పాలీప్రొపిలీన్, అంటే ఒక రకం ప్లాస్టిక్. ఒక మూల కత్తిరించి అగ్గిపుల్ల అంటించి చూడండి. నూలు గుడ్డయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. ఇది ముడుచుకుపోతుంది, కరిగి బొట్లుబొట్లుగా కారుతుంది, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. మన దేశంలో ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు కూడా దాన్ని ప్లాస్టిక్ సంచుల్లోనే చేర్చి, చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదని 2021 సెప్టెంబరు 30 నుంచి షరతు పెట్టాయి.

శాంపిల్ తెచ్చిన కుర్రాడి ముందే ముక్క కాల్చి చూపించాను. పాపం, ఆ కుర్రాడికి ఆ సంగతే తెలియదు. వెంటనే మేనేజరుకి ఫోన్ కలిపి ఇచ్చాడు. 'అమ్మా, కస్టమరు ఇంటికెళ్లి కాల్చి చూసుకోడు కదా' అన్నారాయన. ఆ మాట వేయించి ఇవ్వలేనని చెప్పాను. ఆర్డరు ఇంకో చోటికి పోయింది. పండగకి అవే సంచులు, అదే మాటతో, జగదాంబ సెంటర్లో చేతుల్లో కనిపించాయి. మోస్తున్నవాళ్లు తాము మంచి పనే చేస్తున్నామనుకుంటున్నారు. ఇంటికెళ్లి దాన్ని గుడ్డసంచి అనుకునే వాడతారు, చిరిగితే గుడ్డపేలిక అనుకునే పారేస్తారు. కాలువలో పడి, వానొస్తే అదీ సముద్రానికే పోతుంది. నన్ను బాధపెట్టింది ఆర్డరు పోవడం కాదు. మంచి చేద్దామనే మనసున్న మనిషిని పట్టుకుని, ఆ మంచితనాన్నే వాడుకుని మోసం చేయడం.

అదే సంచి మీద 'ఇది ప్లాస్టిక్కే, కానీ గట్టిది. చాలాసార్లు వాడండి. చిరిగాక మాకే తెచ్చి ఇవ్వండి' అని వేయించి ఉంటే సంతోషంగా చేసిచ్చేదాన్ని. వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలంటే దుకాణానికి కొంత ఖర్చు ఉంటుంది, ఒక మనిషిని పెట్టుకోవాలి, పాత సంచులు దాచడానికి చోటు కావాలి. ఆ ఖర్చు పెట్టినవాళ్లు ఆ మాట పెద్దక్షరాల్లో వేసుకోవచ్చు.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదని తెలియడానికి చట్టం సంగతి కూడా చెప్పుకుందాం. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరు 15న పర్యావరణం పేరుతో చేసే తప్పుదోవ ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. పర్యావరణ హితం, సహజం, ఆర్గానిక్, స్వచ్ఛం లాంటి మాటలు ఊరికే వాడకూడదు. ఏ విషయంలో హితం, సరుకులోనా, ప్యాకింగులోనా, తయారీలోనా, దానికి ఆధారమేంటి అన్నది కొనేవాళ్లకు అర్థమయ్యేలా అక్కడే చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఈ సంగతి మీ సంఘాల సమావేశాల్లో ఎప్పుడైనా చర్చకు వచ్చిందా? నా దగ్గరికి వచ్చే ఆర్డర్లు చూస్తే వచ్చినట్టు లేదు.

అలాగని అందరూ ఒకటే అనడం లేదు. కంచరపాలెం వైపు గానుగ నూనె ఆడించే పెద్దాయన ఒకరున్నారు. వేరుశనగ నూనె డబ్బాకి లేబులు చేయించడానికి వచ్చారు. బజార్లో అన్ని నూనెల మీదా ఉంటుంది కదా అని మా డిజైనరు కుర్రాడు గుండె బొమ్మ పెట్టి 'కొలెస్ట్రాల్ లేదు' అని వేశాడు. పెద్దాయన ప్రూఫు చూసి, జేబులో పెన్ను తీసి అడ్డంగా కొట్టేశారు. 'పల్లీ నూనెలో కొలెస్ట్రాల్ ఎప్పుడుంది నాయనా? మొక్కల నుంచి తీసే ఏ నూనెలోనూ ఉండదు. నేనిలా వేసుకుంటే పక్కోడి నూనెలో ఉన్నట్టు అర్థం రాదా?' అన్నారు. ఆ ఖాళీలో ఆడించిన తేదీ పెద్దక్షరాల్లో వేయమన్నారు. మాకు ఆశ్చర్యమేసింది. తేదీ అంత స్పష్టంగా కనబడితే నెల దాటిన డబ్బాని ఎవరూ ముట్టుకోరు. ఆ సంగతి ఆయనకి మాకంటే బాగా తెలుసు. తెలిసే వేయమన్నారు.

ఆ రోజు నుంచి ప్రతి ప్రూఫునీ ఒకే ప్రశ్నతో చూడటం అలవాటైంది. ఈ మాట చెప్పుకోవడం వల్ల చెప్పేవాళ్లకు ఏమైనా ఖర్చవుతోందా, లేక వస్తోందే తప్ప పోయేది ఏమీ లేదా? నూనె పెద్దాయన మాట వెనక అమ్ముడుపోని డబ్బాలున్నాయి. సంచి మాట వెనక ఏమీ లేదు. నిజం కూడా అబద్ధంలా పనిచేయొచ్చని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. 'కొలెస్ట్రాల్ లేదు' అన్నది అక్షరాలా నిజమే కదా.

ఇక ఇంటి లోపలి సంగతులకు వద్దాం, ఎందుకంటే అసలు నీతి అక్కడుంటుంది.

మన ఊళ్లో షోరూముల్లో నిలబడి చీరలు చూపించే ఆడపిల్లలు ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి, నలుగురైదుగురు కలిసి చిన్న గది తీసుకుని ఉంటారు. మహిళా దినోత్సవానికి ఒక షోరూము 'స్త్రీశక్తికి వందనం' అని హోర్డింగు పెట్టి, కొన్నవాళ్లకు గులాబీ, తగ్గింపు కూపన్ ఇచ్చింది. కూపన్లు మేమే అచ్చువేశాం. ఇవ్వడానికి వెళ్లినప్పుడు కౌంటరు వెనక ఒకమ్మాయి ఒక కాలి మీద బరువు మార్చి ఇంకో కాలి మీద వేస్తూ నిలబడి ఉంది. చెప్పు పట్టీ దగ్గర పాదం ఉబ్బి ఎర్రటి గీత పడింది. స్టూలు లేదా అమ్మా అని అడిగాను. 'ఏటి స్టూలమ్మా, కూకుంటే కెమెరాలో సారు సూస్తారు. పొద్దున నిలబడితే మళ్లీ రాత్రి బస్సులోనే' అంది.

కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు ఏళ్ల తరబడి దీనికోసమే పోరాడారు. 2018లో కేరళ చట్టం సవరించి, దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. ఒక స్టూలు ఖరీదు ఎంత? ఆ హోర్డింగు ఒక్కరోజు అద్దెలో ఎన్ని స్టూళ్లు వస్తాయి? ఆడవాళ్లకి వందనం చేయదలచినవాళ్లు ముందు తమ కౌంటరు వెనక నిలబడ్డ ఆడపిల్ల కాళ్లకేసి చూడాలి. ఇందులో నాకు ఏ మినహాయింపూ కనిపించదు. మాట మెత్తగా చెప్పడం కూడా నాకు చేతకాదు.

నాలాంటి చిన్న యూనిట్ల సంగతి. ఒక కంపెనీకి రంగుల బ్రోచరు చేసిచ్చాం. ఆర్టు పేపరు మీద, లామినేషన్ వేసి. అందులో ఒక పేజీ నిండా 'మా సరఫరాదారులే మా కుటుంబం' అని ఉంది. ఆ బ్రోచరు బిల్లుకే నెలల తరబడి తిరిగాం. అకౌంట్స్ సెక్షన్‌కి ఫోన్ చేస్తే సారు సంతకం కాలేదంటారు, సారుని అడిగితే అకౌంట్స్‌లో కనుక్కోమంటారు. ఈలోగా పేపరు వ్యాపారికి మేం డబ్బు కట్టాలి, శనివారం వస్తే మెషిన్ మీద పనిచేసేవాళ్లకు జీతం ఇవ్వాలి, కరెంటు బిల్లు ఆగదు. చిన్న పరిశ్రమల చట్టం 2006లోనే వచ్చింది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలని, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలని అందులో ఉంది. ఫిర్యాదు చేసుకోవడానికి కౌన్సిలూ ఉంది. ఎవరు వెళతారు? వెళితే ఆ వడ్డీ వస్తుందో రాదో గానీ ఆ గిరాకీ మాత్రం ఖాయంగా పోతుంది.

సకాలంలో చెల్లించకపోతే కొన్న కంపెనీ ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకోవడానికి వీల్లేకుండా 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం మారింది. ఆ మార్పు వచ్చాక నాకొక ఫోన్ వచ్చింది. బిల్లు తొందరగా ఇస్తామని కాదు. 'మీ ఉద్యం రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోండమ్మా, లేకపోతే మీతో పని చేయించుకోవడం మాకు ఇబ్బంది' అని. ఉద్యం అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు. నా తోటి ప్రెస్సువాళ్లు, ఆటోనగర్‌లో లేతు మెషిన్లు పెట్టుకున్నవాళ్లు కొందరికి కూడా ఇలాగే వచ్చిందని తర్వాత తెలిసింది. సమయానికి డబ్బు ఇవ్వడమనే మామూలు మర్యాద పాటించడం కంటే, ఎదుటివాడికున్న రక్షణ తీసేయించడం సులువనిపించింది వాళ్లకి. కుటుంబంలో ఎవరూ అలా చేయరు.

దీనికి మీరు చెప్పే జవాబు నాకు తెలుసు. మేం ఆసుపత్రికి విరాళం ఇచ్చాం, బడికి బెంచీలు ఇచ్చాం, వేసవిలో చలివేంద్రం పెట్టాం అంటారు. ఇచ్చారు. ఎండలో ఆ చలివేంద్రం దగ్గర నీళ్లు తాగినవాళ్లలో నేనూ ఉన్నాను. దానం మంచిదే. అయితే దానం ఒక ఖాతా, వ్యాపారంలో నీతి ఇంకో ఖాతా. ఒకదాంట్లో జమ వేసి ఇంకోదాంట్లో బాకీ కొట్టేయడం కుదరదు. తెలుగువాళ్లకి ఇది వేరే ఎవరో చెప్పక్కర్లేదు. 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కి కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. నాలుగు నెలలు తిరక్కుండా, 2009 జనవరి 7న, ఆ కంపెనీ ఛైర్మనే ఏడు వేల కోట్లకు పైగా లెక్కలు తప్పని ఉత్తరం రాసిచ్చారు. అవార్డు వెనక్కి తీసుకున్నారు. అదే కుటుంబం 2005లో మొదలుపెట్టిన 108 అంబులెన్సు సేవ రోడ్డు మీద పడి ఉన్న ఎందరినో బతికించింది. ఆ మంచి నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు. ఆ తప్పూ నిజమే. ఆ షేర్లలో చిట్టీ డబ్బు పెట్టి పోగొట్టుకున్నవాళ్లకు అంబులెన్సు చూపించి సర్దుకోమనగలమా?

అమెరికాలో ఎన్‌రాన్ అనే కంపెనీ 2000 జులైలో తన ఉద్యోగులకు అరవై పేజీలకు పైగా నీతి నియమావళి అచ్చువేసి ఇచ్చింది. 2001 డిసెంబరులో లెక్కల మోసాలు బయటపడి దివాలా తీసింది. అచ్చువేసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, కాగితం దేన్నయినా మోస్తుంది.

కంపెనీల సామాజిక బాధ్యత నియమాలు చదివితే నాకు ధైర్యం వచ్చింది. అయిదు వందల కోట్ల నికర విలువో, వెయ్యి కోట్ల టర్నోవరో, అయిదు కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టంలో ఉంది. 2021లో ఆ నియమాలు సవరిస్తూ, తమ సరుకుకు మార్కెటింగ్ లాభం కోసం స్పాన్సరు చేసే పనులు ఈ లెక్కలోకి రావని స్పష్టంగా రాశారు. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనులు కూడా ఇందులోకి రావు. కాలుష్యం ఆపడం, జీతం సరిగ్గా ఇవ్వడం సేవ కిందికి రావన్నమాట. అవి చేయకపోతే నేరం, చేస్తే మామూలు. అయినా నా దగ్గరికి 'మా కార్మికులందరికీ పీఎఫ్, ఈఎస్‌ఐ సౌకర్యం' అని గొప్పగా వేయించుకోవడానికి వస్తూనే ఉంటారు.

ఈ ఊళ్లో నీతి గురించి మాట్లాడుతూ 2020 మే 7ని దాటి వెళ్లలేం. తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి నిద్రలో ఉన్న ఇళ్ల మీదికి వచ్చింది. పన్నెండు మంది పోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. తగిన అధికార సంస్థ ఇచ్చిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని ఆ కంపెనీయే అంతకు ముందు ఏడాది ప్రమాణపత్రంలో రాసిచ్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు జమ చేయమంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ భద్రతలో లోపాలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపింది. ఊరిని లేపాల్సిన సైరన్ మోగనే లేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి పదిహేడు మంది చనిపోయారు.

అందుకే నాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర నాటిన మొక్కల ఫొటోలు చూపించకండి. లోపల ఏ రసాయనం ఎంత నిల్వ ఉందో, అది బయటికొస్తే ఏ దిక్కుకి పరిగెత్తాలో, తడిగుడ్డ కట్టుకోవాలో వద్దో, గేటు బయట తెలుగులో బోర్డు రాసి పెట్టారా? పక్క ఊరివాళ్లను పిలిచి సైరన్ ఎలా ఉంటుందో వినిపించారా? రాత్రి షిఫ్టులో కాంట్రాక్టు మనిషికి ట్యాంకు ఉష్ణోగ్రత పెరుగుతోందని పైవాళ్లను నిద్రలేపి చెప్పే ధైర్యం ఉందా, లేక చెబితే మర్నాడు గేటు పాసు పోతుందా? నీతి అనేది ఉంటే అక్కడుండాలి. అది ఫొటోకి పనికిరాదు. ఏ ప్రమాదమూ జరగని రాత్రిని ఎవరూ వార్త చేయరు కాబట్టి దానికి చప్పట్లూ ఉండవు.

ఒక మాట మధ్యలో. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, కాఫీ గింజలకు కిలోకి ఇంత అని సీజనుకు ధర ప్రకటిస్తుంది. ఆ ధర బయటికి తెలిసే ధర, ఎవరైనా అడగొచ్చు. ఇప్పుడు బీచి రోడ్డు దుకాణాల్లో దొరికే ప్యాకెట్లు కొన్నిటి మీద నవ్వుతున్న గిరిజన మహిళ ఫొటో ఉంటుంది, కింద 'వారి జీవితాల్లో వెలుగు' అని ఉంటుంది. ఆమెకు కిలోకి ఎంత ఇచ్చారో ఎక్కడా ఉండదు. ఫొటో వేసుకోమని ఆమెను అడిగారా అన్నదీ తెలియదు. ఫొటో వేసే చోట ఒక అంగుళం తగ్గించి ధర వేయొచ్చు. చోటు సరిపోతుంది, నేను కొలిచి చెబుతున్నాను.

చెప్పుకోవడమే తప్పని నేననడం లేదు. 'అమ్మా, మంచి చేసి చెప్పుకోకపోతే చేసినవాడికీ చేయనివాడికీ తేడా ఎలా తెలుస్తుంది' అని మీలో ఒకరు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఖర్చు పెట్టి సరిగ్గా చేసేవాడి సరుకు రూపాయి ఎక్కువే ఉంటుంది, ఆ రూపాయి ఎందుకో చెప్పుకోకపోతే వాడు మునిగిపోతాడు. ఉత్త మాటలవాళ్ల వల్ల ముందు దెబ్బతినేది కూడా వాడే. అందరి సంచి మీదా ఆకు బొమ్మ ఉన్నప్పుడు నిజమైన గుడ్డసంచి ఇచ్చేవాడిని ఎవరు గుర్తుపడతారు? కాబట్టి చెప్పండి. అయితే సరిచూసుకునే దారి కూడా పక్కనే ఇవ్వండి.

ఆ దారి ఎలా ఉంటుందో మన ఆడవాళ్లందరికీ తెలుసు. ఒకప్పుడు బంగారం కొట్టువాడి మాట మీదే కొనేవాళ్లం. ఎన్నో ఏళ్ల తర్వాత చెరిపిస్తేనో, అమ్మబోతేనో గానీ తరుగెంతో తెలిసేది కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ, అంటే ప్రతి నగకీ వేరుగా ఉండే ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య, లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఆ ఆరూ ఫోన్లో కొట్టి చూస్తే ఎవరు పరీక్షించారో, ఎంత స్వచ్ఛమో తెలుస్తుంది. దుకాణం ఎంత పాతదన్నది ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. అలాగే 'ఆర్గానిక్' అని అమ్మాలంటే ధ్రువపత్రం, జైవిక్ భారత్ గుర్తు ఉండాలని ఆహార భద్రత సంస్థ 2017లోనే నియమం పెట్టింది. నేరుగా కొనేవాళ్లకే అమ్ముకునే చిన్న రైతులకు అందులో మినహాయింపు కూడా ఉంది. చిన్నవాళ్లు ధ్రువపత్రాల ఖర్చు భరించలేరన్న మాట చాలాసార్లు పెద్దవాళ్ల నోటి నుంచే వింటుంటాను.

రుషికొండ బీచి సంగతి ఇంకా దగ్గరిది. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రంగా, సురక్షితంగా ఉండే బీచిలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది. 2025లో చెత్త, కుక్కలు, పాడైన సదుపాయాల మీద ఫిర్యాదులు వెళ్లాక ఆ గుర్తింపు ఆపేసి జెండా దించారు. ఊరి పరువు పోయిందని అందరం బాధపడ్డాం. వారాల్లో శుభ్రం చేశారు, జెండా మళ్లీ వచ్చింది. దించినప్పుడే నాకు ఆ జెండా మీద నమ్మకం కుదిరింది. తప్పు జరిగితే తీసేసే ధైర్యం ఉన్నవాళ్లు ఇచ్చిందే గుర్తింపు.

మీ సంఘాలు ఏటా ఇచ్చే షీల్డులు, 'ఉత్తమ విలువల సంస్థ' లాంటి సర్టిఫికెట్లు మా ప్రెస్సుల్లోనే తయారవుతాయి. ఒక్కటి కూడా వెనక్కి తీసుకున్నట్టు నేను వినలేదు. ఎవరు ఎంపిక చేశారో, ఏం చూసి చేశారో కూడా సావనీర్లో ఉండదు. చాలాసార్లు షీల్డు అందుకున్న సంస్థదే వెనక అట్ట మీద ప్రకటన.

ఇదే నా మనవి. షీల్డు ఇచ్చే ముందు ఆ సంస్థ తరఫున ఎవరూ పక్కన లేకుండా ముగ్గురితో మాట్లాడండి. అక్కడ అందరికంటే తక్కువ జీతం తీసుకునే మనిషి, అంటే వాచ్‌మన్నో, ఊడ్చే ఆవిడో, కాంట్రాక్టు కింద ఉన్నా సరే. వాళ్లకి సరుకు ఇచ్చే అందరికంటే చిన్న యూనిట్. వాళ్ల గోడ పక్కన ఉన్న మొదటి ఇల్లు. మీ విలువల గురించి వాళ్లు ముగ్గురూ చెప్పేదే సాక్ష్యం. మీరు చెప్పుకునేది, నేను అచ్చువేసేది సాక్ష్యం కిందికి రావు. వాళ్లు చెప్పింది బాగుంటే షీల్డు ఇవ్వండి, మర్నాడు బాగోలేదని తెలిస్తే తీసుకోండి. తీసుకున్న సంగతి కూడా వచ్చే సావనీర్లో వేయండి.

ఆ పని మొదలుపెట్టడానికి ఏడాది కమిటీలు అక్కర్లేదు. చిన్న యూనిట్లకు 45 రోజుల్లో డబ్బు ఇస్తామని సభ్యుల చేత సంతకాలు పెట్టించండి. కౌంటరు వెనక స్టూలు వేయమని ఒక తీర్మానం చేయండి. పర్యావరణ హితం అని వేయించుకోవాలంటే ఆధారం జతచేయాలని సభ్యులకు ఉత్తరం రాయండి, ఆ ఉత్తరం కాపీ ప్రెస్సువాళ్లందరికీ పంపండి. మాలో చాలామందికి అడగాలని ఉంటుంది. అడిగితే ఆర్డరు పక్క ప్రెస్సుకి పోతుందని భయం. మీరు రాసిస్తే అందరం అడుగుతాం, అప్పుడు ఆర్డరు ఎక్కడికీ పోదు.

ఈసారి సావనీర్లో రెండు పేజీలు దీనికి కేటాయించండి. ఒక పేజీలో సంతకం పెట్టి మాట నిలబెట్టుకున్న సభ్యుల పేర్లు, ఎదురు పేజీలో ఆ ముగ్గురేసి మనుషులు ఏం చెప్పారో, వాళ్ల పేర్లు లేకుండా. ఆ రెండు పేజీలకు డిజైను, ప్లేట్లు, కాగితం, అచ్చు ఖర్చు మా ప్రెస్సే పెట్టుకుంటుంది. మ్యాటరు పంపండి చాలు, ప్రూఫు మర్నాడే ఇస్తాను.

ఇట్లు,
అల్లిపురం నుంచి ఒక ప్రెస్సు నిర్వాహకురాలు,
విశాఖపట్నం